మందు లేని సూదికి పైసలెందుకు?

‘‘సూది ఏస్తవా బిడ్డా? ఎంత తీస్కుంటవ్?’’

కల్వకుర్తిలో క్లినిక్ తెరిచిన రెండో రోజు ఒక అవ్వ అడిగిన మాట ఇది. మా దగ్గర సూది అంటే ఇంజెక్షనే కదా. ఆక్యుపంక్చర్ సూదిలో మందు ఉండదని చెప్పాను. ‘‘మందు లేని సూదికి పైసలెందుకు?’’ అని లేచి వెళ్లిపోయింది. నా దగ్గర జవాబు లేదు. ఐదున్నరేళ్ల చదువులో ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు మరి!

నాది బీఎన్‌వైఎస్, అంటే నేచురోపతి, యోగా డిగ్రీ. నాలుగున్నరేళ్లు క్లాసులు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆక్యుపంక్చర్ అందులో ఒక సబ్జెక్టు. దీనికోసం పశ్చిమ బెంగాల్ 1996లోనే విడిగా చట్టం చేసింది, మహారాష్ట్రది 2015 చట్టం. కేంద్రం 2019లో గుర్తింపు ఇచ్చింది. గుర్తింపు సరే, పేషెంట్లు ఏరీ?

మొదటి నెల 11 మంది వచ్చారు. ఏడుపొక్కటే తక్కువ. హైదరాబాద్‌లో ఏదైనా వెల్‌నెస్ సెంటర్‌లో జీతానికి చేరిపోదామని బ్యాగు కూడా సర్దాను. అప్పుడే కాలేజీ సీనియర్ అక్కకి ఫోన్ చేశాను. తను వేరే జిల్లాలో ప్రాక్టీస్ చేస్తోంది.

‘‘అద్దె ఎంత?’’

‘‘ఐదు వేలక్కా.’’

‘‘సిట్టింగ్‌కి?’’

‘‘250.’’

‘‘అంటే 20 సిట్టింగులు అద్దెకే పాయె. కరెంటు, సూదులు, నీ తిండి అన్నీ 21 నుంచే. ఇది కాయితం మీద రాస్కోకుండనే షట్టర్ లేపినవా?’’

అప్పటి నుంచి ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదికి లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని అక్కకి ఫోన్. మొదటి వారమే తిట్లు పడ్డాయి. ‘షుగర్, పక్షవాతం మాయం’ అని వెయ్యి పాంప్లెట్లు కొట్టించాను. ఫొటో చూడగానే ‘‘చింపెయ్’’ అంది. రోగాలు నయం చేస్తామని మందులకి, మహిమలకి ప్రకటనలిచ్చేవాళ్ల మీద 1954 నుంచే చట్టం ఉందట, షుగరూ పక్షవాతమూ ఆ జాబితాలోనే ఉన్నాయట. వెయ్యి కాయితాలు చింపడానికి గంట పట్టింది!

ముద్రా లోన్ గురించి అడిగితే, ‘‘శిశు కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తరు, కానీ ఆ పైసలతో సోఫా కొనకు’’ అంది. (నేను అప్పటికే సోఫాల దుకాణానికి వెళ్లొచ్చాను. చెప్పలేదు.) వాడిన సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోనే వెయ్యాలని 2016 రూల్స్ చెప్తాయి. అక్క భాషలో అయితే, ‘‘చెత్తలో ఏస్తే ఊడ్చే ఆమె చేతికి గుచ్చుకుంటది, యాదుంచుకో.’’

అన్నిటికన్నా కష్టమైన పాఠం వేరే. మూడో నెలలో ఒకాయన ఎడమ భుజం నొప్పని వచ్చాడు. ఒళ్లంతా చెమట. ఆ రోజుకి అతనే మొదటి బోణీ. చెయ్యి సూదుల డబ్బా మీదికి పోయింది. ‘‘గుండె అనుమానం ఉంటే సూది ముట్టకు, పంపెయ్’’ అన్న అక్క మాట గుర్తొచ్చింది. ఆటో పిలిచి సర్కారు దవాఖానకు పంపాను. ఆ రోజు పుస్తకంలో సున్నా.

తర్వాత ఆయన మళ్లీ రాలేదు. ఎలా ఉన్నాడో తెలుసుకోవాలంటే ఫోన్ నంబరు కూడా రాసుకోలేదు. ‘‘పేరు, ఊరు, నంబరు రాయకుండ మనిషిని కూసోబెడ్తరా?’’ అని దానికీ తిట్లే.

పత్తి ఏరి ఏరి నడుము పట్టేసిన ఆడవాళ్లు ఇప్పుడు నలుగురైదుగురు కలిసి వస్తున్నారు. నయమైపోతదని చెప్పను. నాలుగు సిట్టింగులు చూద్దాం, తేడా లేకుంటే డాక్టర్‌కి చూపిద్దాం అంటాను. పోయిన నెల 34 సిట్టింగులు. అవ్వ కూడా వచ్చింది, మోకాలు పట్టుకుని.

‘‘మందు లేదు కదా, 200 తీస్కో’’ అంది. అక్కని అడగకుండానే ఒప్పేసుకున్నాను. ఆదివారం చెప్పాలి.