కార్‌లో డ్యాష్‌క్యామ్ వైరింగ్ మీరే చేస్తున్నారా? నేను చేసిన తప్పు మాత్రం చేయకండి

కార్‌కి డ్యాష్‌క్యామ్, ఫాగ్ ల్యాంప్స్, యాంప్లిఫయర్ లాంటివి కొనేటప్పుడు అందరం రిజల్యూషన్, వాట్స్, రేటు చూస్తాం. కరెంట్ ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. దాని ఫలితం ఏంటో ముందు చెప్తాను.

మాది గుడివాడ. పోయిన సంక్రాంతికి నాన్న పాత హ్యాచ్‌బ్యాక్‌లో నాగాయలంకలో ఉన్న నాయనమ్మ దగ్గరికి వెళ్ళాం. అంతకు ముందు వారమే డ్యాష్‌క్యామ్ నేనే బిగించాను. వైరు కనపడకుండా క్యాబిన్ లైట్ ఫ్యూజ్ నుంచి లైన్ లాగాను. కెమెరా వెలిగింది, పని అయిపోయిందనుకున్నా.

కారు మూడు రోజులు ఇంటి ముందే ఉంది. మూడో రాత్రి నాయనమ్మకి ఆయాసం ఎక్కువైంది, బందరు తీసుకెళ్ళాలి. నాన్న తాళం తిప్పితే టక్ టక్ శబ్దం తప్ప ఇంజిన్ లేవలేదు. పక్కింటి బాబాయిని నిద్ర లేపి, ట్రాక్టర్ బ్యాటరీ నుంచి జంపర్ కేబుల్ వేసి స్టార్ట్ చేసేసరికి అరగంట పోయింది. నాయనమ్మ ఇప్పుడు బాగానే ఉంది. కానీ దారిలో అవనిగడ్డ దాటాక నాన్న అన్న మాట ఇంకా గుర్తుంది: "నువ్వేనా బీటెక్ చదివింది?"

లెక్క చాలా సింపుల్

కెమెరా, అడాప్టర్ కలిపి సుమారు 5 వాట్స్. 12 వోల్ట్స్ మీద అది 0.42 ఆంప్స్. రోజుకి 10 ఆంపియర్ అవర్స్, మూడు రోజులకి 30. మా బ్యాటరీ మొత్తం కెపాసిటీ 35. ఇంక స్టార్టర్‌కి ఏం మిగులుతుంది?

క్యాబిన్ లైట్ ఫ్యూజ్‌కి తాళం తీసేసినా కరెంట్ ఉంటుంది. దీన్ని కాన్‌స్టెంట్ లైన్ అంటారు. తాళం తిప్పితేనే కరెంట్ వచ్చేది ఏసీసీ లైన్, అంటే స్విచ్డ్ పవర్. మనకి కావాల్సింది అదే. యాప్ క్లోజ్ చేశాం అనుకుంటాం, అది బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తూనే ఉంటుంది కదా, ఇదీ అంతే.

సరిగ్గా ఎలా చేయాలి?

1. మల్టీమీటర్‌తో ఫ్యూజ్ చెక్ చేయండి. తాళం ఆన్‌లో 12 వోల్ట్స్, ఆఫ్‌లో సున్నా రావాలి. కొన్ని కార్లలో ఆఫ్ చేశాక కూడా కొన్ని నిమిషాలు కరెంట్ ఉంటుంది, కాబట్టి లాక్ చేసి పది నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజ్ చాలా కార్లలో పనికొస్తుంది, కానీ కొన్నిటిలో అది కూడా ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.

2. వైరు కోయకుండా ఫ్యూజ్ ట్యాప్ వాడండి. రెండు ఫ్యూజులకీ ఉమ్మడిగా ఉండే కాలు సప్లై వైపు రావాలి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజుల జోలికి అస్సలు వెళ్ళొద్దు.

3. పార్కింగ్ మోడ్ కావాలంటే లో వోల్టేజ్ కటాఫ్ ఉన్న హార్డ్‌వైర్ కిట్ తీసుకోండి. నిండుగా ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్ట్స్ చూపిస్తుంది. కటాఫ్ 12 కంటే కింద పెట్టొద్దు, పాత బ్యాటరీ అయితే ఇంకా పైనే పెట్టండి.

ఫాగ్ ల్యాంప్స్‌కి రిలే తప్పనిసరి

55 వాట్స్ బల్బులు రెండు అంటే 9 ఆంప్స్ పైనే. అంత లోడ్ ఫ్యూజ్ ట్యాప్ మీద వేయొద్దు. రిలేలో 30 నంబర్ కాలుకి బ్యాటరీ, 87కి ల్యాంప్స్, 86కి స్విచ్ మీదుగా ఏసీసీ లైన్, 85కి ఎర్త్. ఏసీసీ లైన్ మీద పడేది రిలే కాయిల్ లోడ్ మాత్రమే, అది చాలా తక్కువ. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి బ్యాటరీ పక్కనే 15 ఆంప్స్ ఫ్యూజ్ ఉండాలి. లేకపోతే ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే బానెట్ కింద మంట లేస్తుంది.

మన వైపు ఇంకో సమస్య: ఉప్పు గాలి

బందరు, దివిసీమ వైపు తిరిగే కార్లలో కనెక్టర్లు త్వరగా ఆకుపచ్చగా చిలుం పడతాయి. టేప్ చుట్టిన జాయింట్లు ఒక వానాకాలం కూడా ఆగవు. క్రింప్ చేసి హీట్ ష్రింక్ వేయండి. ఎర్త్ పెట్టేచోట పెయింట్ గీకి, బోల్ట్ బిగించాక పైన వాజ్‌లైన్ రాయండి.

ఇంటికొచ్చాక మొత్తం పీకి మళ్ళీ చేశాను. కారు లాక్ చేసి, బ్యాటరీ నెగెటివ్ వైపు సిరీస్‌లో మీటర్ పెడితే 28 మిల్లీ ఆంప్స్ చూపించింది. 50 లోపు ఉంటే మామూలే. మీటర్ అలా పెట్టినప్పుడు స్టార్ట్ మాత్రం చేయొద్దు, మీటర్ పోతుంది.

మంచి డ్యాష్‌క్యామ్‌కి వేలు పెడతాం. మల్టీమీటర్ కొన్ని వందలకే వస్తుంది. ముందు అది కొనండి. కారు రోజూ అవసరం పడకపోవచ్చు, కానీ అర్ధరాత్రి అవసరం పడిన రోజు స్టార్ట్ అవ్వాలి కదా.