పైసల్లేకున్నా గిటారు మోత నేర్వొచ్చు

ఎలక్ట్రిక్ గిటారు పట్టిన పిల్లలు ముందుగాల యూట్యూబ్ తెరుస్తరు. మంచిదే. గని వీడియోల సారు కాళ్లకాడ పది పెడల్స్ ఉంటయ్. అవన్నీ కొంటెనే ఆ మోత వస్తదనుకుంటరు. గది నిజం గాదు.

పెడల్ అంటే ఏంది? గిటారుకెళ్లి వచ్చే కరెంటు సిగ్నల్‌ను మార్చే డబ్బా. డిస్టార్షన్ అంటే, జాతరల మైకు సౌండ్ మరీ పెంచితే గరగరమన్నట్టు. డిలే అంటే, బాయిల ఒర్రితె మాట మర్లొచ్చినట్టు. రివర్బ్ అంటే, ఖాళీ హాల్ల సప్పుడు కమ్ముకున్నట్టు.

ఆ గరగర కోసం పాతకాలపోళ్లు ఖరీదు డబ్బాలు కొనలే. అమెరికాల లింక్ రే స్పీకర్‌కు పెన్సిల్‌తోని బొక్కలు పెట్టిండు. 1958ల 'రంబుల్' వచ్చింది. ఇంగ్లండ్‌ల డేవ్ డేవీస్ స్పీకర్‌ను బ్లేడుతోని కోసిండు. 1964ల ఆ మోత లోకమంత ఇన్నది.

మీరు స్పీకర్లు కొయ్యకుండ్రి. ఫోన్ల మీ గిటారు ముక్క రికార్డు చెయ్యుండ్రి. దోస్తు కంప్యూటర్ల ఆడాసిటీ ఏసుకోండ్రి, అది ఫ్రీ. అండ్ల డిస్టార్షన్, ఎకో, రివర్బ్ ఉంటయ్. వారానికి ఒక్కటే పట్టుండ్రి. ఒక్కో అంకె సున్నా కెళ్లి నిండుగ తిప్పి, ఏం మారిందో ఇనుండ్రి. తర్వాత వరుస మార్చి చూడుండ్రి: డిస్టార్షన్ ముందు, ఎకో ఎనుక పెడితే మర్లొచ్చే మాట సాఫ్‌గ ఇనవడ్తది. తిప్పిపెడితే అంత కలగాపులగం.

శానా ఫ్రీ వీడియోల కింద కొనుడు లింకు ఉంటది. పాఠం తీస్కోండ్రి, లింకు ఇడిసిపెట్టుండ్రి. చెవి తయారైనంక ఏ డబ్బా కావాల్నో అదే చెప్తది. అప్పుగిట్ల చేసి ముందే కొంటె, డబ్బా మూలకు, కిస్తీ మెడకు.