ముక్కు మోసపోయే చోట

మన పెద్దలు ఒప్పంద కూలీలుగా ఓడలెక్కి తోటలకు వెళ్ళారు. ఈనాటి తెలుగువారు కూలికోసం గల్ఫు దేశాలకు వెళ్తున్నారు. అట్టి చోట్లలో బహ్రెయిన్ ఒకటి. ఆ ద్వీపంలో 1932లో చమురు పడినది, 1936లో చమురుశుద్ధి కర్మాగారం వెలసినది. సౌదీ అరేబియానుంచి గొట్టాలలో వచ్చే ముడిచమురును కూడా అక్కడ శుద్ధి చేస్తారు. ఆ చమురులో గంధకం ఉన్నది. గంధకం తీసే చోట హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది.

ఇది కొద్దిగా ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. గాలిలో పదిలక్షల పాళ్ళకు 100 పాళ్ళు చేరితే ముక్కు మొద్దుబారి, కంపే తెలియదు. గాలి బాగుపడిందని మనిషి భ్రమపడతాడు. 500 పాళ్ళు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. గాలికంటె బరువైనది గనుక గుంటలలో, ట్యాంకుల అడుగున నిలిచి ఉంటుంది. అందుకే ముక్కు పనిని పరికరానికి అప్పగించారు.

ఈ పరికరానికి బలం సూక్ష్మరంధ్రాలలో ఉన్నది. గుల్లగా ఉన్న పదార్థానికి లోపలి వైశాల్యం ఎక్కువ. ఒక్క గ్రాము ఉత్తేజిత బొగ్గులో అది 1000 చదరపు మీటర్లు, అంటే సుమారు పాతిక సెంట్ల నేల! అంత చోటు ఉంటే కొద్దిపాటి వాయువు కూడా పట్టుబడుతుంది.

1962లో జపానుకు చెందిన నవోయోషి తగుచి తగరపు ఆక్సైడుతో ఇటువంటి పరికరం రూపొందించాడు. వేడిచేసిన ఆ గుల్ల పదార్థంపై గాలిలోని ఆక్సిజన్ చేరి ఎలక్ట్రానులను పట్టి ఉంచుతుంది. విద్యుత్తు సరిగా పారదు. రంధ్రాలలోకి వాయువు చొరబడి ఆక్సిజన్‌తో కలిసిపోగానే ఎలక్ట్రానులు విడుదలై విద్యుత్తు పెరుగుతుంది, గంట మోగుతుంది. అయితే ఏ వాయువు వచ్చినదో ఇది స్పష్టంగా చెప్పలేదు.

కార్మికుడు చొక్కాకు తగిలించుకునే చిన్న పరికరాలలో ఎక్కువభాగం వేరు రకం. వాయువు సన్నని రంధ్రాల పొరగుండా లోపలి ద్రవాన్ని చేరి కొద్దిపాటి విద్యుత్తు పుట్టిస్తుంది. ఎడారి వేడికి ఆ ద్రవం ఆరిపోవచ్చు, దుమ్ముకు రంధ్రాలు మూసుకోవచ్చు. అప్పుడు పరికరం మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని క్షేమమని నమ్మరాదు. పనిలోకి దిగేముందు, కొలత తెలిసిన వాయువును కొంచెం చూపించి గంట మోగుతుందో లేదో పరీక్షించాలి.

అటువంటి పనులలో మీ బంధుమిత్రులెవరైనా ఉంటే మేము చెప్పమనే మాటలు రెండే: ముక్కును నమ్మవద్దు, పరీక్షించని పరికరాన్ని నమ్మవద్దు. తోటివాడు గుంటలో కూలినా, శ్వాసపరికరం లేకుండా దిగవద్దు. దిగితే ఒకరికి బదులు ఇద్దరు పోతారు.