రాగతాళములలో ఒదిగిన క్రైస్తవము

ఒక మతము పరదేశమున కాలూనుటకు ధనబలము, రాజబలము చాలవు. ఆ దేశీయుల నాలుకపై అది నిలువవలెను. గోదావరి డెల్టాలోని క్రైస్తవ చరిత్ర ఇందుకు చక్కని తార్కాణము.

1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్సు వెంట ఇంగ్లండునుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురము చేరి గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసిరి. ఒకరిది రాతిపని, మఱొకరిది చెప్పులు కుట్టు వృత్తి. 1845లో ఉత్తర జర్మనీ మిషను పక్షమున వాలెట్ రాజమహేంద్రవరమునకు వచ్చెను. ఆ క్షేత్రము తరువాత అమెరికన్ లూథరనుల చేతికి వచ్చినది. బడులు, వైద్యశాలలు వెలసినవి. ఊరి వెలుపల నుంచబడిన వాడలకు పలకాబలపములు చేరినవి. ఇది సామాన్యమైన మేలు కాదు.

అయితే వచ్చినవారిలో పలువురు మన మేళతాళములను, పండుగలను విగ్రహారాధనలో భాగముగా నెంచి దూరముంచిరి. మతము మాఱినవాడు సంస్కృతిని కూడ విడువవలెనా? ఈ ప్రశ్న మన దేశమునకే పరిమితము కాదు. చైనాలో మత్తేయో రిచ్చీ (1552–1610) అక్కడి పండితుల వేషము ధరించి కన్‌ఫ్యూషియసు గ్రంథములను చదివెను. ఆయనవలెనే ఇటలీ దేశీయుడైన రాబర్టు డి నోబిలి మధురలో సన్న్యాసివలె జీవించి సంస్కృతము, తమిళము, తెలుగు నేర్చెను. చైనీయులు తమ పూర్వికులకు జరుపు సంస్కారములను 18వ శతాబ్దిలో నిషేధించిన రోము, 1939లోగాని వానిని అనుమతింపలేదు.

తెలుగునాట ఈ చిక్కును ఒక కవి విప్పెను. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంగదేశ మూలములు గల బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. మతము మాఱినను నేర్చిన విద్యను ఆయన విడువలేదు. పల్లవి చరణములు కూర్చి, రాగతాళములు నిర్దేశించి, క్రీస్తును తెలుగున కీర్తించెను. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంపుటిలో చేరిన ఆ పాటలు నేటికిని డెల్టా గ్రామములలో వినవచ్చుచున్నవి. చదువెఱుగని వృద్ధులకును అవి కంఠస్థములే.

ఇరువదవ శతాబ్దిలో గుఱ్ఱం జాషువ అదే బాటను పద్యమునకు మలపెను. యౌవనమున రాజమహేంద్రవరములో మూకీ చిత్రములకు వ్యాఖ్యానము చెప్పిన ఆ కవి రచించిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించినది.

రామదాసును, త్యాగయ్యను బోధించు ఉపాధ్యాయులు ఆ వరుసలోనే పురుషోత్తమ చౌదరి పేరును చెప్పవలెను. ఆదివారమున తాను పాడిన పాట తెలుగు సాహిత్యమే యని సోమవారము తరగతిలో విన్న బాలుడు ఈ భాషలో తాను పరాయివాడనని ఎన్నడును తలపడు. తక్కిన బాలురును వానిని పరాయిగా చూడరు.