మంట కనబడని పొయ్యి

కట్టెల పొయ్యి, కిరోసిన్ స్టవ్, గ్యాస్ పొయ్యి - ఇవన్నీ మన తల్లులు ఎరిగినవే. వీటన్నిటిలోనూ మంట కంటికి కనబడుతుంది. ఎక్కడ చెయ్యి పెట్టకూడదో చిన్నపిల్లలకు సైతం తెలుస్తుంది. పట్నంలోనో పరదేశంలోనో ఉంటున్న బిడ్డలు కొనిపెట్టగా ఇప్పుడు కొన్ని పల్లెటూరి ఇళ్లకు కూడా మైక్రోవేవ్ ఓవెన్ చేరింది. దీనిలో మంట లేదు. కనుక ప్రమాదం ఎక్కడున్నదో కూడా కనబడదు.

మా ఇంటిలోనే జరిగిన సంగతి ఒకటి చెబుతాము. ఒక రాత్రి పసిపాప ఏడుస్తుంటే తొందరలో పాలసీసాను ఓవెన్‌లో పెట్టి వేడిచేశాము. పట్టుకుంటే సీసా గోరువెచ్చగానే ఉన్నది. పాపకు పట్టించబోతుండగా మా అత్తగారు సీసా అందుకొని, తన అలవాటు ప్రకారం రెండు చుక్కలు ముంజేతి మీద వేసుకున్నారు. "అబ్బా!" అని వెంటనే చెయ్యి విదిలించారు. పైన సీసా గోరువెచ్చన, లోపల పాలు సలసల! ఆ రెండు చుక్కలు పాప నోటిలో పడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ మాకు గుండె దడ.

ఎందుకిలా జరిగింది? గ్యాస్ పొయ్యి మీద ముందు గిన్నె కాలుతుంది, తరువాత పదార్థం కాగుతుంది. ఓవెన్‌లో మాగ్నెట్రాన్ అనే గొట్టం నుండి వచ్చే తరంగాలు పదార్థంలోని నీటిని నేరుగా వేడిచేస్తాయి. ఆ వేడి అన్నిచోట్లా సమంగా ఉండదు. ఒకచోట చల్లగాను, మరొకచోట మరుగుతూను ఉండవచ్చు.

ఈ గొట్టం మొదట రాడార్ కొరకు వాడినది. 1945లో అమెరికాలో రేథియాన్ కంపెనీ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ దాని దగ్గర నిలబడగా జేబులోని మిఠాయి కరిగిపోయిందట. ఆ ఆలోచన నుండే ఈ ఓవెన్ పుట్టింది. తొలి ఓవెన్ దాదాపు మనిషి ఎత్తు, సుమారు 340 కిలోల బరువు!

ఈ తరంగాలు ఆహారంలో మిగిలిపోతాయని కొందరు భయపడతారు. అది నిజం కాదు. తలుపు తెరవగానే అవి ఆగిపోతాయి. తలుపు అద్దంలోని లోహపు జాలి వాటిని బయటికి రానివ్వదు. అందుచేత తలుపు వంగినా, సరిగా పడకపోయినా ఆ ఓవెన్ వాడరాదు. మనం జాగ్రత్తపడవలసినవి ఇవి:

1. పసిపిల్లల పాలు ఓవెన్‌లో పెట్టవద్దు. సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలిపితే చాలు. పట్టించే ముందు బాగా కదిపి, చేతి మీద చుక్క వేసి చూడండి.

2. స్టీలు గిన్నెలు, అల్యూమినియం రేకు, బంగారు గీతల కప్పులు పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. ఓవెన్‌కు పనికివస్తాయని ముద్ర ఉన్న గాజు, పింగాణి, ప్లాస్టిక్ పాత్రలే వాడండి.

3. గుడ్డును పెంకుతో పెట్టవద్దు, ఉడికినదైనా సరే. ఆవిరి పోయే దారి లేక పేలుతుంది. మూత బిగించిన డబ్బా కూడా అంతే.

4. నీళ్లు ఒక్కొక్కసారి బుడగలు రాకుండానే మరిగే వేడిని దాటిపోతాయి. కాఫీపొడి వేయగానే ఒక్కసారిగా ముఖం మీదికి పొంగుతాయి. ఓవెన్ ఆగిన తరువాత అర నిమిషం ఆగి తీయండి.

5. అన్నం, కూర మధ్యలో ఒకసారి కలపండి. లోపల చల్లగా ఉన్నచోట క్రిములు చావవు.

6. ఖాళీగా నడపవద్దు. లోపల ఏదైనా అంటుకుంటే తలుపు తెరవక, స్విచ్ ఆపి, ప్లగ్ తీయండి. గాలి తగలకపోతే మంట ఆరిపోతుంది.

7. చెడిపోతే ఇంట్లో విప్పవద్దు. ప్లగ్ తీసినా లోపలి కండెన్సర్‌లో ప్రాణం తీయగల కరెంటు నిలిచి ఉండవచ్చు.

కొత్త వస్తువు వచ్చిందని పెద్దల అలవాట్లు పాతబడిపోవు. ఆ రాత్రి మా పాపను కాపాడినది యంత్రం మీది మీట కాదు, మా అత్తగారి ముంజేయి. ఓవెన్ కొన్న బిడ్డలు దానిని వాడే పద్ధతి కూడా ఇంటిలోని పెద్దలకు దగ్గర కూర్చుండి నేర్పితే మేలు.