పాదరస విషము – దాని చికిత్స

పాదరసమును చూచి ముచ్చటపడని విద్యార్థి యుండడు. లోహమయ్యు ద్రవమై, నీటికంటె 13.6 రెట్లు బరువై, చేతికందక పరుగిడును. ఒకప్పుడు మా ప్రయోగశాలలో ఉష్ణమాపక మొకటి పగిలెను. పగులగొట్టిన బాలుడు జుల్మానాకు వెఱచి మాతో చెప్పక, పాదరసమును చీపురుతో నూడ్చి మూలకు నెట్టెను. భయముచే గలిగిన యీ మౌనమే విషముకంటె నపాయకరమని తలచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

పాదరసము మూడు రూపములలో మనలను బాధించును. మొదటిది శుద్ధలోహము. మ్రింగినచో నిది ప్రేగులలో మిక్కిలి స్వల్పముగా నింకి, సాధారణముగా మలముతో వెడలిపోవును. కాని దాని యావిరి ఊపిరితిత్తులద్వారా నెత్తురున గలసి మెదడును చేరును. చీపురుతో నూడ్చిన బిందువులు చిన్నవై చెదరి యావిరి హెచ్చును. రెండవది మెర్క్యూరిక్ క్లోరైడు వంటి లవణములు. ఇవి నోటిని, కడుపును దహించి, నెత్తుటి విరేచనములు గలిగించి, పిదప మూత్రపిండములను చెఱచును. మూడవది కర్బనముతో గూడిన పాదరసము. 1956లో జపానునందలి మినమాతలో బయల్పడిన వ్యాధికి కారణ మిదియే.

ఇక చికిత్స. ఆవిరి పీల్చినవానిని వెంటనే మంచిగాలికి చేర్పవలెను. ఊపిరాడనిచో వైద్యులు ప్రాణవాయువు నిత్తురు. లవణము మ్రింగినవానిచే వాంతి చేయింపరాదు. కాలిన గొంతు మఱల కాలును. జాగుసేయక ఆసుపత్రికి గొనిపోవలెను. అచట వైద్యులు నష్టమైన ద్రవమును సిరలద్వారా నింపుదురు.

విఱుగుడు పనిచేయు విధము చిత్రమైనది. పాదరసమునకు గంధకముపై మక్కువ మెండు. మన దేహమందలి మాంసకృత్తులలోని గంధకమును పట్టుకొని వాని పనిని స్తంభింపజేయును. కావున వైద్యులు గంధకముగల మందునే యిత్తురు. పాదరసము దానిని పట్టుకొని మూత్రముతో వెడలును. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆక్స్‌ఫర్డునందు పీటర్సు మొదలగువారు లెవిసైటను ఆర్సెనిక్ విషమునకు విఱుగుడుగా కనుగొనిన డైమెర్కాప్రాలు ఇట్టిదే. దీనిని వేరుసెనగనూనెలో కలిపి కండలోనికి సూదిమందుగా నిత్తురు. పిదప వచ్చిన సక్సిమరు నోటిద్వారా నీయదగినది. మూత్రపిండములు పనిచేయనిచో, అవి కోలుకొనువఱకు యంత్రముతో రక్తమును శుద్ధిచేయుదురు. మూడవ రూపమునకు మాత్రము డైమెర్కాప్రాలు తగదు; అది పాదరసమును మెదడునకు చేర్చవచ్చును.

విఱుగు డెంత శీఘ్రముగా నిచ్చిన నంత మేలు. విద్యార్థులారా! పాదరస మొలికినచో కిటికీలు తెఱచి, బయటికి వచ్చి, ఉపాధ్యాయునితో చెప్పుడు. ఆనాటినుండి మేము పగిలిన ఉష్ణమాపకమునకు జుల్మానా వేయుట మానితిమి. గాజును మరల కొనవచ్చును, ప్రాణమును కొనలేము.