రోజా అంటే ఒట్టి పస్తు కాదు

శ్రీముఖలింగం: ఉపవాసం అంటే ఏమిటో ఈ ఊరి వారికి ఒకరు చెప్పనక్కరలేదు. మహాశివరాత్రి నాడు మధుకేశ్వరుని సన్నిధిలో ఉపవాసం ఉండి, రాత్రంతా జాగారం చేసి, చక్రతీర్థం రోజున వంశధారలో మునిగే యాత్రికులను ఏటా చూసే ఊరు ఇది. ఒడిశా నుంచి కూడా భక్తులు వస్తారు. ఇక కార్తీక సోమవారం పగలంతా పస్తుండి, నక్షత్రం కనిపించాక గానీ ముద్ద నోట పెట్టని ఇల్లాళ్లు మన పల్లెల్లో వీధి వీధినా ఉన్నారు.

ఇదే జిల్లాలో ఏటా నెల రోజుల పాటు, పగటి పూట గుక్కెడు మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండేవారూ ఉన్నారు. వారు ముస్లింలు. ఆ ఉపవాసం పేరు రోజా. శ్రీకాకుళం జిల్లాలో ముస్లింల సంఖ్య చాలా తక్కువ. అనేక పల్లెల్లో ఒక్క ముస్లిం కుటుంబం కూడా ఉండదు. అందుచేత రంజాన్ అనగానే సేమ్యా పాయసం, కొత్త బట్టలు, ఆలింగనాలు గుర్తుకు రావడమే తప్ప, ఆ పండుగకు ముందు గడిచే నెల రోజుల సంగతి మన పల్లెవాసులకు అంతగా తెలియదు.

2025లో ఈ రెండు ఉపవాసాలూ పక్కపక్కనే వచ్చాయి. ఫిబ్రవరి 26న శివరాత్రి. మార్చి 2న తొలి రోజా. ముఖలింగం యాత్రికులు ఇళ్లు చేరిన రోజుల్లోనే శ్రీకాకుళం మసీదుల్లో రంజాన్ ప్రార్థనలు మొదలయ్యాయి. ఈ రెండింటికీ పోలిక ఎక్కడుంది, తేడా ఎక్కడుంది అన్నది తెలుసుకోదగ్గ విషయం.

నాలుగు వందల ఏళ్ల పరిచయం

రంజాన్ మన జిల్లాకు కొత్తది కాదు. ముఖలింగానికి సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని శ్రీకాకుళం పట్టణంలో జామియా మసీదును గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో, 1641లో, ఇక్కడి ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడు. అంటే ఈ గడ్డ మీద రోజాలు నాలుగు వందల ఏళ్లకు దగ్గరగా సాగుతూ వస్తున్నాయన్నమాట. ఫౌజుదారులు మకాం ఉన్న ఆ రోజుల్లో శ్రీకాకుళానికి గుల్షనాబాద్ అని, అంటే పూలతోట వంటి ఊరని, పేరుండేది.

ముస్లింల పవిత్ర గ్రంథం ఖురాన్‌ను తొలిసారి తెలుగు చేసిన పండితుడు కూడా ఉత్తరాంధ్రలో పుట్టినవారే కావడం చెప్పుకోదగ్గ విశేషం. ఆయన ‘ఆంధ్ర భాషాచరిత్రము’ రాసిన చిలుకూరి నారాయణరావు గారు. పొరుగువారి ధర్మాన్ని వారి గ్రంథం ద్వారానే తెలుసుకోవాలన్న ఆలోచన మన ప్రాంతానికి పాతదే.

నెల ఎందుకు జరుగుతుంది?

రంజాన్ ఒక్కో ఏడు ఒక్కో కాలంలో వస్తుందేమని చాలామంది అడుగుతారు. సంగతి ఇది. మన పంచాంగం మాదిరే వారి నెలలు కూడా చంద్రుని బట్టి నడుస్తాయి. పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులు. సూర్యుని లెక్కన ఏడాదికి 365. ఈ పదకొండు రోజుల తేడాను సరిచేయడానికి మన పంచాంగకర్తలు సుమారు రెండున్నర, మూడేళ్లకు ఒకసారి అధికమాసం కలుపుతారు. అందువల్ల శివరాత్రి ఎప్పుడూ చలి వెళ్లే వేళకే వస్తుంది. ఇస్లాం క్యాలెండరులో అధికమాసం లేదు. కాబట్టి రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది.

సుమారు 33 ఏళ్లకు ఒక చుట్టు పూర్తవుతుంది. 1983 జూన్‌లో మొదలైన రంజాన్ మళ్లీ 2016 జూన్‌లో వచ్చింది. 2030లోనైతే ఒకే సంవత్సరంలో రెండు రంజాన్ నెలలు మొదలవుతాయి. ఒకటి జనవరిలో, మరొకటి డిసెంబరు చివర. చలికాలమైనా, వడగాడ్పులైనా, ఊడ్పులైనా, కోతలైనా రోజా వచ్చి తీరుతుంది. జీవితకాలంలో మనిషి అన్ని రుతువుల్లోనూ ఉపవాసం ఉంటాడు. ప్రపంచంలో ఏ దేశం వారికీ ఎప్పటికీ ఎండాకాలమే రాకుండా, ఎప్పటికీ చలికాలమే దక్కకుండా సమానంగా పంచినట్టు ఉంటుంది.

తెల్లవారుజాము నుంచి పొద్దు గూకే దాకా

ఇస్లాం క్యాలెండరులో రంజాన్ తొమ్మిదవ నెల. ఖురాన్ అవతరణ మొదలైన నెల అదే. ముహమ్మద్ ప్రవక్త మక్కా నుంచి మదీనా చేరిన తర్వాత రెండో ఏట, అంటే క్రీ.శ. 624లో, ఈ నెల ఉపవాసాలు విధి అయ్యాయి. విశ్వాస ప్రకటన, నమాజు, రోజా, జకాత్, హజ్ అనే అయిదు మూలస్తంభాల్లో రోజా ఒకటి.

నెలవంక కనిపించిన మరునాటి నుంచి రోజాలు మొదలు. తూర్పున వెలుగు రేఖ విచ్చుకునే లోపల తినేది తినాలి. ఆ భోజనాన్ని సహర్ అంటారు. సహర్ వండాలంటే ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆడవారే. మూడు గంటలకే పొయ్యి వెలిగించి, తామూ రోజా ఉండి, సాయంత్రం మళ్లీ పొయ్యి దగ్గరే నిలబడతారు. నెల రోజుల దీక్షలో వారి పాలు రెట్టింపు అనడం సబబు.

సహర్ ముగిసి ఫజర్ అజాన్ వినిపించాక సూర్యుడు అస్తమించే వరకు తినరాదు, తాగరాదు. చుట్ట, బీడీ, అడ్డపొగ ఏదీ కూడదు. పగటి పూట దాంపత్య సంబంధం కూడా నిషిద్ధమే. మార్చి నెలలో ఈ గడువు సుమారు 13 గంటలు. జూన్‌లో పద్నాలుగున్నర గంటల దాకా సాగుతుంది. మన శివరాత్రి ఉపవాసంలో నీళ్లు, పాలు, పళ్లు పుచ్చుకునేవారున్నారు. రోజాలో ఆ వెసులుబాటు లేదు. అయితే రాత్రి వేళ తినడానికి అభ్యంతరమూ లేదు.

సూర్యుడు అస్తమించిన వెంటనే ఖర్జూరపు పండుతోనో, నీళ్లతోనో రోజా విడుస్తారు. అదే ఇఫ్తార్. ఇఫ్తార్ వేళ దాటించి మరికొంత సేపు పస్తుండటం ఎక్కువ పుణ్యమేమీ కాదు. వేళ కాగానే విడవడమే పద్ధతి. ఆ వేళ కూడా ఊరికొక తీరు. హైదరాబాద్ కంటే శ్రీకాకుళం తూర్పున ఉన్నందున ఇక్కడ సుమారు ఇరవై నిమిషాలు ముందుగా పొద్దు గూకుతుంది. అంతే ముందుగా తెల్లవారుతుంది కూడా. హైదరాబాద్ సమయం చూసుకుని సహర్ తింటే ఇక్కడ రోజా చెల్లదు. అందుకే ఏ పట్టణానికి ఆ పట్టణం సమయాల పట్టిక వేసుకుంటుంది.

పళ్లు, శనగ గుగ్గిళ్లు, పకోడీలు ఇఫ్తార్‌లో సాధారణం. హలీం లేనిదే రంజాన్ లేదనుకోవడం పొరపాటు. అది హైదరాబాద్ రుచి. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. ధర్మం అడిగేది మాత్రం ఖర్జూరం, అది లేకపోతే గుక్కెడు నీళ్లు, అంతే.

రాత్రి ఇషా నమాజు తర్వాత తరావీ అనే ప్రత్యేక నమాజు ఉంటుంది. ఖురాన్‌ను కంఠస్థం చేసిన హాఫిజ్ ముందు నిలబడి రోజుకు కొంత భాగం చొప్పున పఠిస్తారు. ముప్ఫయి పారాల గ్రంథాన్ని నెల ముగిసేలోగా పూర్తిగా వినిపించడం ఆనవాయితీ.

కడుపు ఒక్కటే కాదు

పొద్దున్నించి సాయంత్రం వరకు అన్నం మానేసినంత మాత్రాన రోజా అయిపోదు. అబద్ధం, చాడీలు, తిట్లు, తగాదా, తూకంలో మోసం ఇవన్నీ రోజా ఫలాన్ని తినేస్తాయని ధర్మం చెబుతుంది. కంటికి, చెవికి, నాలుకకు కూడా రోజా ఉండాలి. ఎవరైనా కయ్యానికి వస్తే, ‘నేను రోజాలో ఉన్నాను’ అని తప్పుకోవాలని ప్రవక్త బోధ. మరచిపోయి ఒక ముద్ద తిన్నా, నీళ్లు తాగినా రోజా భంగం కాదు. గుర్తు రాగానే ఆపివేసి కొనసాగించవచ్చు. బుద్ధిపూర్వకంగా భంగం చేసుకుంటే మాత్రం పరిహారం గట్టిగానే ఉంది. వరుసగా అరవై రోజులు ఉపవాసం ఉండాలి. అది చేతకాకపోతే అరవై మంది పేదలకు భోజనం పెట్టాలి.

గదిలో తలుపు వేసుకుని నీళ్లు తాగితే చూసేవారెవరు? ఎవరూ చూడరు. అయినా తాగడు. రోజా అసలు సంగతి అక్కడే ఉంది. మనిషికి, దేవునికి మధ్య ఉన్న మాట అది.

ప్రాణం మీదికి తెచ్చుకోమని చెప్పలేదు

రోజా అందరికీ ఒకే తీరున విధి కాదు. పసిపిల్లలకు లేదు. జబ్బుపడిన వారు, ప్రయాణంలో ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు మానుకోవచ్చు. బహిష్టు రోజుల్లో స్త్రీలు రోజా ఉండరాదు. వీరంతా విడిచిన రోజాలను తర్వాత వీలున్నప్పుడు తీర్చుకుంటారు. కోలుకునే ఆశ లేని దీర్ఘరోగులు, బాగా వృద్ధులైన వారు రోజుకు ఒక పేదవానికి భోజనం పెడితే చాలు. దీనిని ఫిద్యా అంటారు. ఈ సడలింపులు మౌల్వీల దయ వల్ల వచ్చినవి కావు. ఉపవాసాన్ని విధించిన ఖురాన్ అధ్యాయంలోనే రోగులకు, ప్రయాణికులకు మినహాయింపు ఉంది.

మన జిల్లాలో ఈ మాట గట్టిగా చెప్పుకోవలసిన అవసరం ఉంది. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు తదితర మండలాల్లో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్లను కుంగదీసిందో అందరికీ తెలిసిందే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది ఈ వ్యాధి కారణంగానే. మూత్రపిండాలు దెబ్బతిన్న వారు ఎండలో పగలంతా నీళ్లు లేకుండా ఉంటే ముప్పు. రోజాకైనా, శివరాత్రికైనా, మరే వ్రతానికైనా ఇది వర్తిస్తుంది.

మధుమేహం ఉన్నవారు నెల మొదలు కాకముందే వైద్యుణ్ని కలిసి మందుల వేళలు, మోతాదులు మార్పించుకోవాలి. రక్తంలో చక్కెర 70 కంటే పడిపోయినా, 300 దాటినా వెంటనే రోజా విడవాలని వైద్యులు చెబుతారు. సూది గుచ్చి రక్తపరీక్ష చేయించుకుంటే రోజా పోతుందన్నది అపోహ. పోదు. ‘ఇన్నేళ్లుగా ఒక్క రోజా విడవలేదు, ఇప్పుడు విడిస్తే నలుగురూ ఏమనుకుంటారు’ అని మందులు మానే పెద్దలు ఉంటారు. ధర్మం ఇచ్చిన సడలింపును వాడుకోవడం లోపం కాదు.

ఆకలి తెలిసినవాడు చేయవలసిన పని

రోజా వెనుక రెండవ సగం దానం. పగలంతా ఆకలి ఎరిగినవాడు సాయంత్రం ఆకలిగొన్నవాణ్ని గుర్తించకపోతే ఆ ఆకలి వ్యర్థం. దానాన్ని ఇష్టానికి వదలకుండా లెక్క కట్టారు.

జకాత్ సంపద మీద ఇచ్చేది. ఏడున్నర తులాల బంగారం గాని, యాభై రెండున్నర తులాల వెండి గాని, దానికి సమానమైన సొమ్ము గాని అవసరాలు పోను ఏడాది పాటు నిలవ ఉంటే, నూటికి రెండున్నర రూపాయలు పేదలకు ఇవ్వాలి. లక్ష ఉంటే రెండున్నర వేలు. దీనిని ఏ నెలలోనైనా ఇవ్వవచ్చు. పుణ్యకాలమని చాలామంది రంజాన్‌లో ఇస్తారు.

పంటకు వేరే లెక్క ఉంది. మన రైతులు వినదగ్గది. వర్షాధారంగా పండితే పదో వంతు. రైతు శ్రమపడి, ఖర్చు పెట్టి నీరు తోడి పండిస్తే ఇరవయ్యో వంతు. మెట్ట రైతు కష్టం వేరు, నీరు తోడే రైతు కష్టం వేరు అన్న ఎరుక ఆ శాస్త్రంలో పద్నాలుగు వందల ఏళ్ల నాడే ఉంది.

ఫిత్రా ఇంకా సూటిగా ఉంటుంది. ఇంటి యజమాని తనకు, తన మీద ఆధారపడ్డ ప్రతి బిడ్డకు, పండుగ తెల్లవారకముందు పుట్టిన పసికందుకు కూడా తలకు ఇంత అని ఇవ్వాలి. గోధుమల లెక్కన తలకు సుమారు కిలోముప్పావు, లేదా దాని ఖరీదు. పండుగ నమాజుకు వెళ్లేలోగానే ఇది పేదల చేతికి చేరాలి. ఆలస్యంగా ఇస్తే మామూలు దానమే అవుతుంది గాని ఫిత్రా కాదు.

చివరి పది రోజులు

నెల చివరి పది రోజులు కొందరు ఇల్లు విడిచి మసీదులోనే ఉండి ప్రార్థనల్లో గడుపుతారు. దీనిని ఏతెకాఫ్ అంటారు. ఆ పది రోజుల్లోని బేసి రాత్రుల్లో ఒకటి షబేఖదర్. వెయ్యి నెలల కంటే గొప్పదని నమ్మే ఆ రాత్రిని ఎక్కువమంది ఇరవై ఏడవ రాత్రిగా పాటించి తెల్లవార్లూ మేలుకుంటారు. జాగారం మహిమ ఎరిగిన ముఖలింగం వారికి దీనిని వేరే వివరించనక్కరలేదు.

పొరుగువారు ఏం చేయాలి?

ముస్లింలు కొద్దిమందే ఉన్న మన పల్లెల్లో రోజాదారు తరచు ఒంటరిగా ఉంటాడు. తాపీ పనికో, వ్యాపారానికో, ఉద్యోగానికో వచ్చి ఉంటాడు. మధ్యాహ్నం అందరూ అన్నం మూటలు విప్పే వేళ అతను పక్కకు వెళ్లి కూర్చుంటాడు. అతని ముందు తినకూడదన్న నియమం ఏదీ లేదు. ‘ఒక్క గుక్క తాగితే ఏమవుతుంది’ అని బలవంతపెట్టకపోతే చాలు. వీలైతే బరువు పని ఉదయం పూటే చెప్పి, పొద్దు గూకే ముందు విడిచిపెడితే మేలు. ఎండకు సొమ్మసిల్లితే మాత్రం సంకోచించకుండా నీళ్లు పట్టించాలి. అందుకు అతని ధర్మమే అనుమతి ఇస్తుంది.

శివరాత్రి మరునాడు పారణ చేసేటప్పుడు మన పెద్దలు కూడా ముందు ఒకరికి పెట్టి తరువాత తాము తినడం ఎరిగినవారే. ఆకలిని ఓర్చుకోవడం సగం వ్రతం. ఆ ఆకలితో మరొకరి ఆకలిని ఎరిగి పెట్టడం మిగతా సగం. మధుకేశ్వరుని గుడి వాకిట ఉపవాసం ఉన్నవారికీ, శ్రీకాకుళం మసీదులో ఖర్జూరం చేతపట్టి అజాన్ కోసం ఎదురుచూసేవారికీ ఈ మిగతా సగం మాత్రం ఒక్కటే.